సమాధుల తోటలో పెరిగినవాటిని తీసేయాలా, ఉండనివ్వాలా?

తాళంచెవి (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. ఒక పాత చర్చి ఆవరణను, దాన్ని ఆనుకొని ఉన్న సమాధుల తోటను చూసుకునే చిన్న బృందంలో నేనొకణ్ణి. అక్కడ కొత్తగా ఎవరినీ ఖననం చేయడం లేదు. పాత సమాధుల దగ్గరికి మాత్రం కొన్ని కుటుంబాలు ఇప్పటికీ వస్తుంటాయి. గడ్డి మోకాలి ఎత్తు పెరిగింది. రాళ్ల మీద పసుపు, బూడిద, నారింజ రంగుల మచ్చలు కమ్ముకున్నాయి, గోడ పగుళ్లలో తేనెటీగల్లాంటివి దూరి వస్తున్నాయి, గంటగోపురంలో గబ్బిలాలు చేరాయి.

దీంతో మా బృందం రెండుగా చీలింది. కలుపు మందు కొట్టించి, రాళ్లను రుద్ది కడిగించి, ఆవరణను చూడముచ్చటగా చేయాలన్నది ఒక వర్గం మాట. దేన్నీ ముట్టుకోవద్దు, ప్రకృతికి వదిలేద్దాం అన్నది రెండో వర్గం మాట. నిజం చెప్పాలంటే ఒకప్పుడు నేనూ మొదటి వర్గంలాగే ఆలోచించేవాణ్ణి. నాలుగేళ్ల క్రితం ఒక సున్నపురాతి ఫలకం మీద యాసిడ్ కలిపిన నీళ్లు పోసి, ఇనుప బ్రష్షుతో రుద్దాను. బుసబుసమని నురగ వచ్చింది. మచ్చలు పోయాయి, వాటితో పాటే మరణించిన సంవత్సరంలోని చివరి అంకె కూడా పోయింది. ఆ రోజు నుంచి బ్రష్షు పట్టుకోవడానికి చేయి రావడం లేదు.

నా సందేహాలు ఇవి. ఇలాంటి చోట పెరిగే మొక్కలకు, చేరే జీవులకు నిజంగా ఏదైనా ప్రత్యేకత ఉందా, లేక ఇది ఏ ఖాళీ స్థలంలోనైనా మొలిచే కలుపేనా? రాతి మీది మచ్చలు రాతిని తింటాయా? ఏమీ చేయకుండా వదిలేయడమే సరైనదంటారా?

పచ్చికబయలు

తాళంచెవి గారూ, ముందుగా "కలుపు" అన్న మాట దగ్గర ఆగాలి. సమాధుల తోటలోని నేలకు విలువ అక్కడ ఎవరో నాటినవాటి వల్ల వచ్చింది కాదు. తరాల తరబడి అక్కడ చేయకుండా వదిలేసిన పనుల వల్ల వచ్చింది. చుట్టుపక్కల భూమినంతా దున్నారు, ఎరువులు వేశారు, ఇళ్లు కట్టారు. కంచె లోపలి నేలలో పార దిగింది గాని నాగలి దిగలేదు. అందుకే చుట్టూ ఎప్పుడో అంతరించిన పచ్చిక అక్కడ ముక్కలు ముక్కలుగానైనా మిగిలి ఉంటుంది.

దీనికి అందరికంటే స్పష్టమైన సాక్ష్యం అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం. ఒకప్పుడు ఆ రాష్ట్రంలో ఎక్కువ భాగం నిలువెత్తు గడ్డి మైదానమే. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి నున్నటి ఉక్కు నాగలిని తయారుచేశాక, అంతవరకు నాగలికి అంటుకుపోతూ రైతుల్ని విసిగించిన ఆ జిగట నల్లమట్టి లొంగిపోయింది, ఆ తరువాత కొన్ని దశాబ్దాల్లోనే మైదానం దాదాపు మొత్తం పొలాలైపోయింది. ప్రెయిరీ అనే ఆ గడ్డి మైదానం అసలు ఎలా ఉండేదో ఇవాళ చూడాలంటే, తొలినాటి వలసదారులు తమవాళ్లను పాతిపెట్టి కంచె వేసుకున్న చిన్న చిన్న సమాధుల తోటలకు వెళ్లాలి. వెస్టన్ సమాధుల తోట అలాంటిదే; దాని విస్తీర్ణం ఐదెకరాలు మాత్రమే. బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి అక్కడ మనిషి తల దాటి పెరుగుతుంది. కంపాస్ మొక్క ఆకులు తమ అంచుల్ని ఉత్తర దక్షిణాలకు తిప్పుకొని నిలబడతాయి, మధ్యాహ్నపు ఎండ నేరుగా తగలకుండా ఆ మొక్క చూసుకునే ఏర్పాటు అది.

ఇథియోపియా ఉత్తర భాగంలో ఇదే కథ చెట్ల రూపంలో కనిపిస్తుంది. పైనుంచి తీసిన చిత్రాల్లో గోధుమరంగు పొలాల మధ్య పచ్చని చుక్కలు కనిపిస్తాయి, ప్రతి చుక్క మధ్యలోనూ ఒక ఆర్థొడాక్స్ చర్చి గుండ్రటి కప్పు ఉంటుంది. ఆ చుట్టుపక్కల స్థానిక అడవిగా మిగిలింది చాలావరకు ఈ చర్చి వనాలే. అయితే పవిత్రత ఒక్కటే వాటిని కాపాడలేకపోయింది. పశువులు లోపలికి వచ్చి మొలకలను మేసేయడంతో పెద్ద చెట్ల కింద పిల్ల చెట్లు లేకుండా పోయాయి. అలెమాయెహు వాసీ అనే అటవీ శాస్త్రవేత్త, అమెరికా జీవశాస్త్రవేత్త మార్గరెట్ లోమన్ అక్కడి మతాచార్యులతో కలిసి పనిచేయగా, ఊళ్లవాళ్లు పొలాల్లో ఏరిన రాళ్లతోనే వనాల చుట్టూ గోడలు కట్టుకున్నారు. ఇటు పొలానికి రాళ్ల బెడద తగ్గింది, అటు అడవికి పశువుల బెడద తగ్గింది.

తుర్కియేలో నేల ఆర్కిడ్ల దుంపలను సలెప్ అనే పొడి కోసం విపరీతంగా తవ్వుతారు. సమాధుల మధ్య తవ్వడానికి సహజంగానే జంకుతారు కాబట్టి, బయట కరువైన ఆర్కిడ్లు అక్కడి సమాధుల తోటల్లో ఇంకా పూస్తున్నాయి.

ఇక మీ మూడో సందేహానికి వస్తాను. దేన్నీ ముట్టుకోవద్దన్న మీ రెండో వర్గంతోనూ నేను ఏకీభవించలేను. పచ్చిక బయలును పూర్తిగా వదిలేస్తే అది పచ్చిక బయలుగా ఉండదు. ముందు ముళ్లపొదలు వస్తాయి, తరువాత గాలికి విత్తనాలు ఎగిరొచ్చే చెట్లు వస్తాయి, ఆ పైన నీడ పడి పూలమొక్కలు చచ్చిపోతాయి. లండన్‌లో 1839లో ప్రారంభమైన హైగేట్ సమాధుల తోట ఇరవయ్యో శతాబ్దంలో ఆలనాపాలనా లేక సికమోర్, యాష్ చెట్ల అడవిగా మారింది. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, కాదనను. అయితే వేళ్లు సమాధులను పెకలించాయి, ఇప్పుడు యాష్ చెట్లకు శిలీంధ్ర తెగులు సోకి అవి విరిగిపడే ప్రమాదం కూడా వచ్చింది.

కాబట్టి గడ్డి కోయండి, కానీ ఎప్పుడు కోస్తున్నారన్నది చూసుకోండి. పూలు పూసి, విత్తనం ఎండి రాలేదాకా ఆగండి. వాతావరణాన్ని బట్టి నెల మారవచ్చు. కంకిని అరచేతిలో నలిపితే గింజ విడిపడటమే గుర్తు. కోసిన గడ్డిని రెండు మూడు రోజులు అక్కడే ఆరనిచ్చి, గింజలు రాలాక, తప్పకుండా ఎత్తివేయండి. ఈ చివరి పనినే అందరూ మానేస్తారు. అది అక్కడే కుళ్లితే నేల బలుస్తుంది, బలిసిన నేలలో ముతక గడ్డి విజృంభించి సన్నని పూలమొక్కలను తొక్కేస్తుంది. పొలంలో కోరుకునే సారం ఇక్కడ శత్రువు. ఐరోపాలోని పాత చర్చి ఆవరణల్లో వాక్స్‌క్యాప్ అనే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల పుట్టగొడుగులు వస్తాయి, తడిసిన మైనంలా మెరుస్తాయి. ఒకసారి రసాయనిక ఎరువు చల్లితే అవి దశాబ్దాల పాటు తిరిగి రావు. వాటికి శరదృతువులో పొట్టి గడ్డి కావాలి, పూలమొక్కలకేమో అంతకు ముందు పొడవు గడ్డి కావాలి. సరైన సమయంలో ఒక్క కోత పడితే రెండూ బతుకుతాయి.

రాతిమచ్చ

రాళ్ల గురించి నేను చెబుతాను, నా పిచ్చి అదే.

మీరు మచ్చలంటున్నవి లైకెన్లు. ఒక శిలీంధ్రం, ఒక శైవలం కలిసి కాపురం పెడితే ఏర్పడేదే లైకెన్. శిలీంధ్రం గూడు కడుతుంది, శైవలం ఎండతో తిండి వండుతుంది. పది రెట్లు పెద్దదిగా చూపించే చేతి భూతద్దం ఒకటి కొని, ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ ఒక ఫలకం ముందు కూర్చోండి. దూరానికి నారింజ రంగు మరకలా ఉన్నది దగ్గరికి వెళితే అంచుల్లో వేళ్లలా చీలిన తమ్మెలుగా, మధ్యలో అంచు కట్టిన చిన్న చిన్న గిన్నెలుగా విడిపోతుంది. ఆ గిన్నెల్లోంచే శిలీంధ్రపు సిద్ధబీజాలు గాల్లోకి ఎగురుతాయి. పక్కనే బూడిదరంగు లైకెన్ దాన్ని ఆనుకొని పెరుగుతుంటే, రెండింటి మధ్య గీత గీసినట్టు నల్లని సరిహద్దు కనిపించవచ్చు. నాకు మొదటిసారి అది కనిపించిన రోజు సమాధి మీది పేరు చదవడం కూడా మరిచిపోయాను.

బ్రిటన్‌లో నమోదైన సుమారు 2,000 లైకెన్ రకాల్లో 700కు పైగా చర్చి ఆవరణల్లో దొరికాయి. కారణం చాలా సాదాగా ఉంటుంది. ఇంగ్లండ్ పల్లపు ప్రాంతాల్లో సహజమైన బండరాళ్లు తక్కువ, రాతి మీద బతికే జీవికి అక్కడ దొరికే కొండ సమాధిరాయే. పైగా ఒకే ఆవరణలో సున్నపురాయి, ఇసుకరాయి, గ్రానైటు, పాలరాయి పక్కపక్కనే ఉంటాయి. సున్నపురాతి మీద పెరిగేది గ్రానైటు మీద పెరగదు. ఒకే రాతికి ఎండ పడే ముఖం మీద ఒక జాతి, నీడ ముఖం మీద మరొక జాతి ఉంటాయి. పక్షులు వాలే పైఅంచున రెట్టల్లోని నత్రజనిని ఇష్టపడే పసుపు, నారింజ రకాలు చేరతాయి. ఫలకం మీద రాగి లేదా కంచు బిగించి ఉంటే, దాని కింద వాన నీరు కారినంత మేరా రాయి బోసిగా ఉంటుంది, ఆ లోహం లైకెన్లకు విషం.

అవి రాతిని తింటాయా అన్నారు. కొన్ని జాతులు ఆమ్లాలను స్రవించి రాతి పైపొరను కొద్దిగా గీరతాయన్నది నిజమే. కానీ ఆ నష్టం చాలా నెమ్మదిగా జరుగుతుంది, బ్రష్షు చేసే నష్టం ఒక్క పూటలో జరిగిపోతుంది. మీరు పోసిన యాసిడ్ సున్నపురాతినే కరిగించింది, నురగ అంటే అదే. రాతిని అంటిపెట్టుకొని పొరలా పెరిగే లైకెన్లు చాలావరకు ఏడాదికి ఒక మిల్లీమీటరో, అంతకంటే తక్కువో విస్తరిస్తాయి. అరచేయంత మచ్చను రుద్దేశారంటే ఒక మనిషి జీవితకాలపు పెరుగుదలను తుడిచేసినట్టే.

ఈ నెమ్మదితనమే శాస్త్రానికి పనికొచ్చింది. ఆస్ట్రియాకు చెందిన రోలాండ్ బెషెల్ అనే వృక్షశాస్త్రవేత్త, తేదీలు చెక్కిన సమాధిరాళ్ల మీద లైకెన్ల వ్యాసాన్ని కొలిచి, ఏడాదికి ఎంత పెరుగుతాయో లెక్కగట్టాడు. ఆ లెక్కతో, హిమానీనదాలు కరిగి వెనక్కి పోయినప్పుడు వదిలివెళ్లిన రాళ్లు ఎప్పటి నుంచి బయట పడి ఉన్నాయో అంచనా వేయవచ్చని 1950లో ప్రచురించాడు. తేదీ రాసి ఉన్న రాయి మరెక్కడ దొరుకుతుంది చెప్పండి!

అక్షరాలు చదవాల్సి వస్తే రుద్దకండి. చీకటి పడ్డాక టార్చిలైటును పక్క నుంచి వేయండి, పగలైతే అద్దంతో ఎండను ఏటవాలుగా మళ్లించండి. చెక్కిన గాడుల్లో నీడ పడి అక్షరాలు పైకి లేస్తాయి.

రెక్కచప్పుడు

గడ్డి గురించి, రాళ్ల గురించి చక్కగా చెప్పారు. జంతువుల విషయంలో నేను కొంత కలుపుతాను.

ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని కేంద్ర సమాధుల తోట 1874లో మొదలైంది, విస్తీర్ణం దాదాపు రెండున్నర చదరపు కిలోమీటర్లు. అందులో జింకలు తిరుగుతాయి. వాటికంటే విచిత్రమైనవి యూరోపియన్ హ్యామ్‌స్టర్లు. పంజరాల్లో పెంచే బొమ్మలాంటివి కావు, ఇవి ఎలుక జాతిలో బాగా ఒడ్డూపొడుగూ ఉన్నవి. వీపు గోధుమరంగు, బుగ్గల మీద తెల్ల మచ్చలు, పొట్ట మాత్రం నల్లగా ఉంటుంది. పంట పొలాల్లో ఒకప్పుడు చీడగా చంపిన ఈ జంతువును 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. వియన్నాలో ఇది సమాధుల మధ్య బొరియలు తవ్వుకొని బతుకుతోంది. సమాధుల మీద వెలిగించే దీపపు గాజు కుప్పెల్లోకి తల దూర్చి, మైనంలోని కొవ్వు కోసం కొరుక్కొని, బుగ్గల సంచుల్లో కుక్కుకొని బొరియకు చేరుస్తుంది. ఒక్కోసారి కుప్పెలో తల ఇరుక్కొని వెనక్కి లాక్కోలేక తంటాలు పడుతుంది. దుఃఖంతో ఎవరో వెలిగించి వెళ్లిన దీపం దానికి చలికాలపు గింజల కొట్టు.

అమెరికాలో బోస్టన్ పక్కనున్న మౌంట్ ఆబర్న్ సమాధుల తోటను 1831లో ఉద్యానవనంలా రూపొందించారు. మే నెలలో ఉత్తరానికి వలసపోయే వార్బ్లర్ పిట్టలకు, రాత్రంతా ఎగిరి తెల్లవారేసరికి కింద కనిపించే నగరంలో అదొక పచ్చని ద్వీపం. పక్షులను చూసేవాళ్లు తెల్లవారుజామునే గేటు దగ్గర నిలబడతారు. పారిస్‌లోని పేర్ లషేజ్ తోట కథ మీ మొదటి వర్గానికి వినిపించదగినది. 1804లో మొదలైన ఆ తోటలో ఏళ్ల తరబడి వాడిన కలుపు మందులను మానేశాక రాళ్ల సందుల్లో అడవిపూలు తిరిగొచ్చాయి, 2020 వసంతంలో కోవిడ్ వల్ల జనసంచారం ఆగినప్పుడు నక్కపిల్లలు సమాధుల మధ్య కనిపించాయి. ఫ్రాన్స్‌లో 2022 జూలై నుంచి సమాధుల తోటల్లో రసాయనిక కలుపు మందుల వాడకం చట్టరీత్యా నిషిద్ధం.

మీ గోడలోని "తేనెటీగల్లాంటివి" బహుశా ఒంటరి తేనెటీగలు. పాత సున్నపు గార మెత్తగా ఉంటుంది కాబట్టి దాన్ని తొలిచి ఒక్కొక్క ఆడ ఈగ విడివిడిగా గూడు కట్టుకుంటుంది. వాటికి కాపాడుకోవడానికి తేనెపట్టు ఉండదు కనుక దాదాపు కుట్టవు. ఆ గోడను గట్టి సిమెంటుతో పూస్తే ఈగలూ పోతాయి, తేమ బయటికి రాలేక రాళ్లూ పగులుతాయి.

గబ్బిలాల విషయంలో మాత్రం తీపి మాటలు చెప్పను. వాటి రెట్టలు, మూత్రం చర్చి లోపలి ఇత్తడి వస్తువులను, పాత చెక్కను, చిత్రాలను పాడుచేస్తాయి. బ్రిటన్‌లో 1981 నాటి చట్టం ప్రకారం వాటి నివాసాన్ని చెదరగొట్టడం నేరం. అందువల్ల అవి గోపురంలో ఉండి, ప్రార్థన మందిరంలోకి రాకుండా మధ్య దారిని మాత్రమే నేర్పుగా మూస్తారు, అదీ పిల్లల్ని పెంచే కాలంలో కాదు. మీరు ఏం చేసినా ముందుగా గబ్బిలాలు తెలిసినవారిని పిలిచి చూపించండి.

నాలుగోవరుస

పాత చర్చి ఆవరణల్లో కనిపించే, చాలా ఏళ్లు బతికే యూ అనే చెట్ల ప్రస్తావన ఎవరూ తేలేదేం? స్కాట్లండ్‌లోని ఫోర్టింగల్ చర్చి ఆవరణలో ఉన్న యూ చెట్టుకు ఐదు వేల ఏళ్లని చదివాను. చర్చి కంటే ముందే చెట్టు ఉందన్నమాట.

రాతిమచ్చ

నాలుగోవరుస గారూ, చెట్టు చాలా పాతదే, కానీ ఆ సంఖ్యను గట్టిగా పట్టుకోకండి. యూ చెట్టు ముదిరేకొద్దీ లోపల గుల్లవుతుంది, లెక్కపెట్టడానికి వలయాలు మిగలవు. ఫోర్టింగల్ చెట్టు మొదలు చుట్టుకొలత 1769లోనే 52 అడుగులుగా నమోదైంది. ఆ తరువాత అది విడివిడి ముక్కలుగా చీలింది. రెండు మూడు వేల ఏళ్ల అంచనాలు ఎక్కువగా వినిపిస్తాయి. నాకు వయసు కంటే ముచ్చటగా తోచింది మరొకటి. అది మగ చెట్టని శతాబ్దాలుగా అనుకున్నారు, 2015లో పైన ఒక కొమ్మ మాత్రం ఆడదై మూడు ఎర్రటి పండ్లు కాసింది. పండు మీది ఎర్రని గుజ్జు తప్ప ఆ చెట్టులో ఆకు, గింజ అన్నీ విషమే కాబట్టి, పశువులను తోలే చోట జాగ్రత్త.

తెల్లచేమంతి

చదువుతున్నాను, చాలా నేర్చుకున్నాను. అయినా ఒక మాట చెప్పకపోతే ఉండబట్టదు. మా అమ్మ సమాధి ఇలాంటి తోటలోనే ఉంది. రెండేళ్ల క్రితం "సహజంగా వదిలేస్తున్నాం" అని ఒక బోర్డు పెట్టి, అక్కడివాళ్లు చేతులు దులుపుకున్నారు. నేను వెళ్లేసరికి దారి లేదు. నడుం లోతు గడ్డిలో ఏది సమాధో ఏది గుంతో తెలియక, మా నాన్న చేయి పట్టుకొని గంటసేపు వెతికాను. ఆయన ఏమీ అనలేదు, గాని తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర ఆగి, "దాన్ని ఎవరూ చూడటం లేదమ్మా" అన్నారు. అక్కడ పూసిన పూలేవీ ఆయన కంటికి ఆనలేదు. ఆర్కిడ్ల గురించి రాసేవాళ్లు ఆ మాటకు కూడా జవాబు చెప్పాలి.

పచ్చికబయలు

తెల్లచేమంతి గారూ, మీరన్నది అక్షరాలా నిజం, నా జవాబులో అది లోపించింది. పొడవు గడ్డిని ఉంచాలనుకునేవారు ముందుగా దారులు కోయాలి. దారికి ఇరువైపులా మీటరు మేర, ఇప్పటికీ మనుషులు వచ్చే సమాధుల చుట్టూ, గేటు దగ్గర తరచుగా పొట్టిగా కోసి, మిగతా భాగాన్ని మాత్రమే విత్తనానికి వదలాలి. శుభ్రంగా కోసిన ఒక్క అంచు ఉంటే చాలు, లోపలి పొడవు గడ్డి ఎవరో కావాలని ఉంచినట్టు కనిపిస్తుంది. అది లేకపోతే మీ నాన్నగారు అన్నట్టే అనిపిస్తుంది.

మరొక సంగతి. గుర్తు ఫలకాలు లేని పాత సమాధులను కొన్నిసార్లు మొక్కలే పట్టిస్తాయి. అమెరికాలో వింకా అనే నీలిపూల తీగను సమాధుల మీద విరివిగా నాటేవారు. అది మన బిళ్ళగన్నేరుకు దగ్గరి చుట్టం, ఏడాదంతా పచ్చగా పాకుతుంది. అడవిలో ఎక్కడైనా ఆ తీగ పరుచుకొని కనిపిస్తే, మరిచిపోయిన సమాధులు కింద ఉన్నాయేమోనని పురావస్తు పరిశోధకులు ఆగి చూస్తారు. కాబట్టి పీకే ముందు ఏది ఎక్కడ ఉందో ఒక పటం గీసుకోవడం మంచిది.

తాళంచెవి

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను ముద్రించి మా బృందం సమావేశానికి తీసుకువెళ్లాను. కలుపు మందు ప్రస్తుతానికి ఆగింది. దారులు, అంచులు, వచ్చిపోయే సమాధుల చుట్టూ కోత నెలకు రెండుసార్లు జరుగుతుంది, మిగతాది విత్తనం రాలాక ఒక్కసారే. కోసిన గడ్డిని ఎత్తడానికి ఎవరూ ముందుకు రాలేదు కాబట్టి ఆ పని నా మీద పడింది. గబ్బిలాల కోసం తెలిసినవారికి కబురు పెట్టాం.

ఒక్కటే మిగిలింది. నేను పాడుచేసిన ఆ ఫలకాన్ని ఏం చేయమంటారు? అంకెను మళ్లీ చెక్కించవచ్చా?

రాతిమచ్చ

చెక్కించకండి. మెత్తబడిన సున్నపురాతి మీద ఉలి పెడితే పక్క అక్షరాలు కూడా రాలతాయి. పోయిన అంకె ఖననాల రిజిస్టరులో ఉండే ఉంటుంది. దాన్ని చూసి, ఫలకం మీది మొత్తం పాఠాన్ని మీ పటంలో రాసి పెట్టండి.

ఆ రాయి ఇప్పుడు మీకు మరో రకంగా పనికొస్తుంది. దాన్ని బోసిగా చేసిన తేదీ మీకు ఖచ్చితంగా తెలుసు. ఏటా అదే నెలలో, అదే దూరం నుంచి, పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఇప్పటికి నాలుగేళ్లు గడిచాయంటున్నారు గనుక, పైఅంచున పక్షులు వాలే చోట భూతద్దంతో వెతకండి. గుండుసూది తల అంత పసుపు చుక్కలు కొన్ని ఈపాటికే ఉండాలి. కనిపిస్తే కొలిచి, ఇక్కడ రాయండి.